బావకు నేను వేసిన శిక్ష

ఆ ఆదివారం బయటి నుంచి వచ్చిన హిందీ ప్రసంగీకుడు ప్రసంగం మొదలుపెట్టక ముందే నన్ను మైకు దగ్గర నుంచి ఒక అడుగు వెనక్కి జరగమన్నాడు. నోటితో చెప్పినా కొంత మర్యాదగా ఉండేది. వేలితో చూపించాడు. సూరత్‌లో, ఉధ్నాలోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో పద్దెనిమిదేళ్లుగా ఆ పని నాది. హిందీలోనో గుజరాతీలోనో మాట్లాడే అతిథులు వచ్చినప్పుడు పక్కన నిలబడి, వాళ్లు ఒక్కో వాక్యం చెప్పి ఆగగానే తెలుగులో చెప్పేవాడిని. అన్నేళ్లలో నన్ను వేలితో జరిపినవాడు ఆయనొక్కడే. ఆయనకు ఇప్పుడు అది గుర్తుండకపోవచ్చు. వేలు చూపినవాళ్లు మరచిపోతారు కాబట్టే, జరిగినవాళ్లం గుర్తుపెట్టుకోవాల్సి వస్తుంది.

ఈ పని గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని తేలిక అనుకుంటారు. ప్రసంగీకుడు చెయ్యి ఎత్తితే మనమూ ఎత్తాలి. ఆయన గొంతు తగ్గిస్తే మనమూ తగ్గించాలి. ఆలోచించడానికి సమయం ఉండదు. మన నోరు ఆగిందంటే ఆయన వేడి చల్లారిపోతుంది. అందుకని నోట్లో కొన్ని మాటలు ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకుంటాం. ప్రార్థన హాలు పక్క గల్లీలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, ఆదివారం కూడా ఆగవు. వాటి చప్పుడు మీద మాట వినిపించాలంటే అరవాలి. మా సంఘంలో దాదాపు అందరూ కరీంనగర్ వైపు నుంచి వచ్చిన సాంచాలవాళ్లే. మెల్లగా మాట్లాడితే ప్రార్థన జరిగినట్టే ఉండదు వాళ్లకు.

ఆ రోజు ప్రసంగం నరకం గురించి. ఒక అడుగు వెనక నిలబడే చెప్పాను, కానీ ఆయనకంటే గట్టిగా చెప్పాను. చాలామంది ఏడ్చారు. ఆయన హిందీకి ఏడ్చినవాళ్లు లేరని, నా తెలుగుకే ఏడ్చారని నాకు తెలుసు. చివర్లో ఆయన నా భుజం కూడా తట్టలేదు.

హాలు మొదటి అంతస్తులో ఉంటుంది. మెట్ల మీద మా అక్క నా కోసం ఆగి ఉంది. అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది, అరవై అయిదు దాటింది. మోకాళ్ల నొప్పి వల్ల మెట్లు దిగాలంటే ఎవరిదో ఒకరి భుజం కావాలి. ఆ రోజు నా భుజం పట్టుకోలేదు. గోడ పట్టుకుంది.

"ఎన్ని దినాలురా?" అంది.

"ఏంది?"

"మీ బావకు. ఆడ ఎన్ని దినాలుంచుతరు?"

మా బావ చనిపోయి అప్పటికి మూడేళ్లు. బాప్తిస్మం తీసుకోలేదు. నాకు అక్క ప్రశ్న అర్థమైంది, జవాబు కూడా నోట్లో సిద్ధంగా ఉంది.

"దినాలు గాదక్కా. ఎప్పటికి."

"ఎప్పటికి అంటే?"

"అంతే. ఎప్పటికి."

అక్క గోడ పట్టుకుని దిగిపోయింది. నాకు కొంచెం కోపం వచ్చింది. అంత బాగా చెప్పినందుకు సొంత అక్క ఒక మంచి మాట అనలేదని.

బావ గురించి చెప్పాలి. నన్ను రైలెక్కించి సూరత్ తెచ్చింది ఆయనే. పదో తరగతి మొదటిసారి తప్పి ఇంట్లో కూర్చుంటే, "ఈడ కూసొని గోడల దిక్కు సూసుడెందుకు, నాతోని రా" అని తెచ్చాడు. రెండోసారి పరీక్షకు నాతోపాటు ఊరికి వచ్చి, బడి గేటు బయట బీడీలు కాలుస్తూ నిలబడ్డాడు. నాకు హిందీ నేర్పింది ఆయనే. కార్ఖానాలో సేట్‌తో ఏం మాట్లాడాలన్నా ముందు నాతో చెప్పించి, తప్పు పోతే నెత్తి మీద ఒక్కటి వేసేవాడు. ఆ దెబ్బలు కూడా నాకు గుర్తే, కానీ వాటి మీద నాకు ఫిర్యాదు లేదు.

మా అమ్మ జబ్బు పడినప్పుడు ఇంటికి వచ్చి ప్రార్థన చేసినవాళ్ల వల్ల అక్క, ఆ తర్వాత నేను ఈ దారిలోకి వచ్చాం. బావ రాలేదు. అడ్డు కూడా పడలేదు. ప్రతి ఆదివారం అక్కను సైకిల్ మీద, తర్వాత స్కూటర్ మీద తెచ్చి దింపి, కింద చాయ్ బండి దగ్గర కూర్చునేవాడు. "మీ దేవునికి నా నమస్తే జెప్పు. షిఫ్టున్నది, రాలేడను" అనేవాడు. ఆదివారం ఆయనకు షిఫ్టు ఉండేది కాదు. యముడు వచ్చి వెనక్కి తిరిగిపోయిన కథ మా సాలెవాళ్ల కులదైవానిది. బావ ఏటా ఆ ఊరేగింపులో ముందు నడిచేవాడు. "మావోడు యముణ్నే మర్లగొట్టిండు, మీవోడు చావునే మర్లగొట్టిండు. ఇద్దరు ఒక్క తీర్గనే ఉన్నరు" అని నాతో వాదించేవాడు. ఒక వానాకాలం పగటి షిఫ్టులో, సాంచె పక్కన కూర్చుని గోడకు ఆనుకున్నాడు. నిద్రపోతున్నాడు అనుకున్నారు.

నరకం ప్రసంగం తర్వాతి వారం బల్ల ఆరాధన. మా సంఘంలో నెలకొకసారి రొట్టె, ద్రాక్షరసం పళ్లెంలో వరస వెంట తిప్పుతారు. పళ్లెం అక్క దగ్గరకు వచ్చింది. అక్క ముట్టుకోకుండా పక్కామెకు ఇచ్చింది. మా దగ్గర పళ్లెం ముట్టుకోకుండా పంపినవాళ్ల మీద ఏదో పాపం ఉందని అర్థం. ఆడవాళ్ల వరస మొత్తం తల తిప్పి చూసింది. తర్వాతి నెలా అంతే. మూడో నెల అక్క పళ్లెం రాకముందే లేచి బయటికి వెళ్లిపోయింది.

ఇక ఆగలేక అక్క ఇంటికి వెళ్లాను. ఎంబ్రాయిడరీ చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని అక్క ఇంట్లోనే చేస్తుంది. ఒళ్లో చీర, చుట్టూ రంగురంగుల దారం ముక్కలు.

"రొట్టె ఎందుకు ముడుతలెవ్వక్కా?"

"ఆకలైతలేదు."

"అది ఆకలికి తినేదా?"

"అయితే అడుగకు." కొంతసేపు కత్తిరించింది. తర్వాత చీర పక్కన పెట్టి అంది: "నాకు పరలోకం వద్దు తమ్మీ."

నేను ఆ దారం ముక్కల మధ్యే కూర్చున్నాను.

"నలభై ఏండ్లు ఒక్క రూముల ఉన్నం. ఆయన తాగిండు, అబద్ధమెందుకు. దానికి ఓ నాలుగేండ్లు ఆడ ఉండనీ. ఓపాలి నన్ను కొట్టిండు. దానికో యాడాది. బీడీలకు ఓ ఆర్నెల్లు ఎయ్యి. నేను పైన ఎదురుచూస్తుంటి. శిక్ష అయినంక వస్తడు గద అనుకుంటి. నువ్వేమో ఎప్పటికి అంటివి. నేను ఆడ ఏసీల గూసొని, ఆయన నూనెల ఏగుకుంట. గదేం సంసారంరా?"

"పరలోకంల ఏసీ ఉంటదని ఎవలు జెప్పిన్రు?"

"నువ్వే జెప్పినవ్, పోయిన క్రిస్మస్‌కు. మస్తు సల్లగుంటదని."

అలా చెప్పినట్టు నాకు జ్ఞాపకం లేదు. నేను మరచిపోయే మనిషిని కాను, కాబట్టి అక్కే పొరపాటు పడి ఉంటుందనుకున్నాను.

"ఉడుకన్నం తినకపోతుండె ఆయన" అంది అక్క. "పల్లెంల ఏసి ఫ్యాను కింద పెట్టాలె. ఆరినంకనే ముట్టేది. గసొంటి మనిషిని నూనెల ఏస్తివి నువ్వు."

అక్క ఉద్దేశం నాకు తెలుస్తూనే ఉంది. మా ఇంట్లో నరకమంటే అమ్మమ్మ చెప్పిన నరకం. అక్కడ యముడు ఉంటాడు, చిట్టా చదివేవాడు ఉంటాడు, తప్పుకు తగ్గ శిక్ష ఉంటుంది, శిక్ష తీరాక మనిషిని వదిలేస్తారు. మళ్లీ ఏదో ఒక కడుపున పుడతాడు. అక్క బాప్తిస్మం తీసుకుని పాతికేళ్లు దాటినా, ఆ మాట విన్నప్పుడు ఆమె మనసులోకి వచ్చేది ఆ చోటే. అదొక జైలు. జైలంటే తేదీ ఉండాలి. నేను తేదీ లేదన్నాను.

పాస్టరుగారి దగ్గరకు వెళ్లాను. ఆయనది గుంటూరు వైపు. మంచివాడే, కానీ నేనొక వాక్యం పూర్తి చేసేలోపు రెండు వాక్యాలు చెబుతాడు.

"మీరు చెప్పింది దేవుని వాక్యమే కదా బ్రదర్. ఆవిడకి బాధగా ఉంటే ప్రార్థన చేద్దాం. అంతేగానీ వాక్యాన్ని మార్చలేం కదండీ."

"మార్చమనలేదు సార్. అసలు అందులో ఏముందో తెలుసుకుందామని."

"అసలంటే గ్రీకండీ. మనకెందుకు చెప్పండి గ్రీకూ గీకూ. మీరు అనువాదం చెప్పండి చాలు. మొన్న నరకం గురించి చెప్పినాయన గ్రీకు చదివాడంట, అడాజన్‌లో ఉండే ఓ పెద్దాయన దగ్గర. కావాలంటే ఆ పెద్దాయన్ని అడగండి" అని నవ్వాడు.

'మీరు అనువాదం చెప్పండి చాలు' అన్న మాట ఇప్పటికీ నాలో అలాగే ఉంది. పెద్దాయన్ని అడగమని ఆయన నవ్వులాటకు అన్న మాటను మాత్రం నేను పట్టుకున్నాను. నన్ను వేలితో జరిపిన మనిషికి ఒక గురువు ఉన్నాడు, ఆ గురువు సూరత్‌లోనే ఉన్నాడు. ఫిర్యాదు చేయడానికి ఇంతకంటే సరైన చోటు ఏముంటుంది. నాలుగుచోట్ల అడిగి ఇల్లు కనుక్కుని, ఒక శనివారం పొద్దున బస్సులో తాపీ నది దాటి వెళ్లాను.

ఆ పెద్దాయన కేరళ మనిషి. ఎక్కడో పాస్టర్లకు గ్రీకు చెప్పి రిటైరై, కూతురి ఫ్లాట్‌లో ఉంటున్నాడు. ఎనభై దాటి ఉంటాయి. మా మాటలు హిందీలో జరిగాయి. తలుపు తీసి మొదట అడిగింది "ఎంతవరకు చదివావు?" అని. ఈ దేశంలో అందరికీ అదే కావాలి. పదో తరగతి అన్నాను. "మంచిది, నీ చేత మరిపించాల్సింది తక్కువ" అన్నాడు. ఆ మాటను అవమానం కింద వేసుకోవాలో వద్దో నేను ఇంకా తేల్చుకోలేదు, ఎందుకంటే వెంటనే తనే లేచి వెళ్లి నాకు నల్ల చాయ్ తెచ్చాడు. సగం సాసర్లో ఉంది.

ఆయన శిష్యుడి మీద చెప్పాల్సింది చెప్పాను. అక్క సంగతి, వేలు సంగతి కూడా చెప్పాను. ఆయన విని, ఒక గ్రీకు బైబిలు గ్రంథం, ఒక ఇంగ్లిషు గ్రంథం తెచ్చి బల్ల మీద పెట్టి, నా తెలుగు గ్రంథాన్ని తెరవమన్నాడు.

"ఇక్కడ చూడు. హేడెస్. చచ్చినవాళ్లు పోయే చోటు. మంచివాడు, చెడ్డవాడు, అందరూ. మీ తెలుగులో ఏముంది ఇక్కడ?"

చదివాను. పాతాళం అని ఉంది.

"ఇక్కడ?"

నరకం అని ఉంది.

"ఇది గెహెన్నా. ఇది ఒక లోయ పేరు. యెరూషలేము గోడ బయట ఉంటుంది. వెనకటికి అక్కడ విగ్రహం ముందు పిల్లల్ని కాల్చారు. అప్పటినుంచి ఆ పేరు చెబితే జనం వణికేవారు. యేసు ఆ మాట అన్నప్పుడు విన్నవాళ్లకు అది కనిపించే చోటు, నడిచి పోగలిగిన చోటు. ఊరి చెత్త అక్కడ కాల్చేవారని కూడా చెబుతారు, దానికి గట్టి రుజువు నేను చూడలేదు. మూడో మాట టార్టరస్. అది గ్రీకువాళ్ల కథల్లోది. ఒక్కసారే వస్తుంది, అదీ తప్పు చేసిన దూతల గురించి, మనుషుల గురించి కాదు. పాత ఇంగ్లిషువాళ్లు ఈ మూడింటినీ తీసుకొచ్చి ఒకే మాట కింద పెట్టారు. ఒకసారి ఒకే మాట అయ్యాక, చదివేవాడికి ఒకే చోటు కనిపిస్తుంది."

తర్వాత నా తెలుగు గ్రంథం మీద వేలు పెట్టాడు. "మీవాళ్లు నయం. రెండు మాటలు వేరుగా ఉంచారు. బోధించేవాళ్లే మళ్లీ కలిపేస్తున్నారు."

ఎప్పుడో చనిపోయిన ఆ తెలుగు అనువాదకులెవరో నాకు తెలియదు. అయినా నన్నే మెచ్చుకున్నట్టు అనిపించింది. కానీ నేను వచ్చిన పని అది కాదు. "మరి ఆ లోయకు నరకం అని ఎందుకు పెట్టారు? లోయ పేరే ఉంచవచ్చు కదా" అన్నాను.

"ఉంచితే మీ మగ్గాలవాడికి ఏం అర్థమవుతుంది? ఎవరో పరాయి ఊరి లోయ. భయం ఎక్కడిది? మీ ఇళ్లలో అప్పటికే ఒక భయం ఉంది, దానికొక మాట ఉంది. ఆ మాట తీసుకున్నారు. మాట తీసుకుంటే దాని వెంట ఇంట్లో ఉన్న సామానంతా వస్తుంది. వాళ్లను తప్పు పట్టకు. నేనైనా అదే చేసేవాడినేమో."

"ఎప్పటికీ అనే మాట?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అక్కడున్న గ్రీకు మాట వేరులో యుగం ఉంది. అంతులేనిది అని కొందరు, రాబోయే యుగానికి చెందినది అని కొందరు. నాకంటే ఎంతో చదివినవాళ్లు శతాబ్దాలుగా కొట్టుకుంటున్నారు. అంతులేనిది అనేవాళ్లే ఎక్కువ. నరకం లేదని నేను చెప్పడం లేదు, బాగా విను. తీర్పు ఉంది, నేను నమ్ముతాను. అక్కడి పటం నా దగ్గర లేదు, అంతే."

"మరి నూనె?"

"ఏ నూనె?"

"వేయించే నూనె."

"ఏ వచనంలో?"

మీ శిష్యుడే చెప్పాడు అన్నాను. ఆ రోజు ప్రసంగం మా సంఘంలో ఎవరో ఫోనులో తీసి అందరికీ పంపారు, నా ఫోనులోనూ ఉంది. రుజువు లేకుండా ఫిర్యాదు చేసే అలవాటు నాకు లేదు. తీసి వినిపించాను.

శిష్యుడి గొంతు వినిపించింది. నమ్మనివాళ్లు నరకానికి పోతారు అని హిందీలో ఒక్క చిన్న వాక్యం. తర్వాత నా గొంతు మొదలైంది. పోతూనే ఉంది. పెద్దాయనకు తెలుగు రాదు. తల వంచి వింటున్నాడు. నా గొంతు ఆగాక ఫోను ఆపమన్నాడు.

"వాడు నాలుగు మాటలన్నాడు. నువ్వు ఇంతసేపు ఏం చెప్పావు?"

నా తెలుగును నేనే ఆయనకు హిందీలోకి తిప్పి చెప్పాల్సి వచ్చింది. ఈసారి నన్ను ఎవరూ తొందరపెట్టడం లేదు, సాంచాల చప్పుడు లేదు. ఒక్కో మాట తీసి బల్ల మీద పెట్టాను. "నమ్మకుండా చనిపోయిన మన తండ్రులు." ఆగాను. "మన భర్తలు." మళ్లీ ఆగాను. "సలసల కాగే నూనెలో పడి, యుగయుగాలు వేగుతూనే ఉంటారు. దప్పికకు చుక్క నీళ్లుండవు. విడుదల లేదు, లేదు, లేదు."

"తండ్రులు, భర్తలు అని వాడు అనలేదు" అన్నాడు పెద్దాయన. "నీళ్ల మాట గ్రంథంలో ఒక కథలో ఉంది. నూనె లేదు."

నూనె మా అమ్మమ్మది. ఆమె చెప్పిన యముడి మూకుడు అది. భర్తలు ఎక్కడి నుంచి వచ్చారో కూడా నాకు తెలుసు. తండ్రులు అన్నాక ఇంకొక మాట పడితే తూకం బాగుంటుంది, ఆడవాళ్ల వైపు చెయ్యి చూపడానికి వీలుగా ఉంటుంది. పైగా నన్ను వెనక్కి జరిపినవాడికి నేనేమిటో ఆ రోజు చూపించాలనుకున్నాను. ఆడవాళ్ల వరసలో మొదట కూర్చునేది మా అక్క.

గ్రీకు నుంచి ఇంగ్లిషుకు, హిందీకి, తెలుగుకు వచ్చే దారిలో ఎవరు ఏం కలిపారో పట్టుకుందామని నది దాటి వెళ్లాను. ఆ దారిలో చివర నిలబడినవాడు నేనే. అందరికంటే ఎక్కువ కలిపింది కూడా నేనే. శిష్యుడి మీద ఫిర్యాదు సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వేలు సంగతి మాత్రం వేరు, అది తప్పే. వెళ్లేటప్పుడు పెద్దాయన గుమ్మం దాకా వచ్చి, "మీ అక్కకు నా నమస్కారం చెప్పు" అన్నాడు.

మర్నాడు ప్రార్థన అయ్యాక అక్కను డుమస్ తీసుకెళ్లాను. రానంది. టమాటా భజియా తినిపిస్తానంటే వచ్చింది. సముద్రం పక్కన బండి దగ్గర బల్ల మీద కూర్చున్నాం. ఆదివారం జనం, నల్ల ఇసుక, ఒంటె మీద పిల్లలు. భజియాలు వచ్చాయి. అక్క ప్లేటును గాలికి పెట్టి, ఆరేదాకా ముట్టుకోలేదు. తనకు వేడివే ఇష్టం.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. లోయ సంగతి, యుగం సంగతి, నూనె సంగతి. చివరికి భర్తల సంగతి. ఆయన అనలేదు, నేనే అన్నాను అని చెప్పాను.

అక్క సముద్రం వైపు చూస్తూ ఉంది. "అంటే మీ బావ ఆడ లేడంటవా?"

"తెల్వదక్కా."

"ఉన్నడా మరి?"

"తెల్వదు."

"ఆ అడాజన్ సారుకు?"

"ఆయనకు గూడ తెల్వదట."

"గంత సదివినోనికి తెల్వదు. పది ఫెయిలైనోనివి, నీకెట్ల తెలిసింది ఆ దినం?"

"రెండోసారి పాసైన" అన్నాను.

"అవును, గేటు కాడ నిలవడి పాస్ జేయించిండు." అప్పుడు అక్కకు ఏడుపొచ్చింది. కొంగుతో మొహం కప్పుకుని, బండివాడు చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చింది. మూడు నెలలు దాచుకున్న ఏడుపు. బావ చనిపోయిన రోజు కూడా ఇంతగా ఏడవలేదు. ఆ రోజు ఆయన ఎక్కడికి పోయాడో అన్న భయం ఆమెకు లేదు.

నన్ను క్షమించు అనడం నాకు అలవాటు లేని పని. ఇతరులు నాతో అనాల్సినవే ఇంకా చాలా మిగిలి ఉన్నాయి. అయినా అన్నాను.

"నాకు జెప్తే ఏమొస్తది" అంది అక్క ముక్కు తుడుచుకుంటూ. "మైకుల జెప్పినవ్. మైకులనే జెప్పు."

మా సంఘంలో పాటల తర్వాత సాక్ష్యాల సమయం ఉంటుంది. ఎవరికి ఏ మేలు జరిగిందో లేచి చెబుతారు. పాస్టరుగారిని అడిగాను. విషయం విని ఇబ్బంది పడ్డాడు.

"ఇది సాక్ష్యం ఎలా అవుతుంది బ్రదర్? మేలు ఏదీ?"

"తప్పు తెలిసింది సార్. అది మేలు కాదా?"

"జనం కంగారు పడతారండీ. నరకం లేదన్నారు అనుకుంటారు."

"ఉందనే చెబుతాను. మీరు వద్దంటే వచ్చే వారం అడుగుతాను. ఆ పై వారం కూడా అడుగుతాను."

నేను అడుగుతానని ఆయనకు తెలుసు. మూడు నిమిషాలు ఇచ్చాడు. అది బల్ల ఆరాధన ఆదివారం.

పద్దెనిమిదేళ్లు ఆ మైకు ముందు ఇంకొకరి మాటలు చెప్పాను. ఇది నా సొంత మాట. చెయ్యి ఎత్తాలో దించాలో తెలియలేదు. ఆ రోజు నేను చెప్పిన నూనె గ్రంథంలో లేదని చెప్పాను. భర్తలు, తండ్రులు అని ప్రసంగీకుడు అనలేదని, నేనే కలిపానని చెప్పాను. తీర్పు ఉంది, అది తీర్చేవాడు ఉన్నాడు, ఆ పని నేను చేశాను, అది నాది కాదు అన్నాను. "మా బావ ఎక్కడ ఉన్నాడో నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పినందుకు మా అక్కను, మీ అందరినీ క్షమించమని అడుగుతున్నాను."

వెనక వరస నుంచి ఒక ముసలాయన, ఇప్పటికీ సాంచె నడుపుతాడు, లేచి నిలబడ్డాడు. "నూనె లేదా?"

"లేదు కాకా."

"మరి అగ్గి?"

"అగ్గి ఉన్నది."

"ఉంటె ఉండనీ. మనకు అగ్గితోని అలవాటే" అని కూర్చున్నాడు. హాలంతా నవ్వింది. పాస్టరుగారు నవ్వలేదు. ఆ తర్వాత మూడు నెలలు నన్ను అనువాదానికి పిలవలేదు. ఎవరి కూతురో ఇంగ్లిషు మీడియం పిల్లను నిలబెట్టాడు. ఆ పిల్ల చేతులు ఊపడం కూడా రాదు. ఈ సంగతి ఆయనతో నేను ఇంకా మాట్లాడలేదు, మాట్లాడతాను.

ఆ ఆదివారం నేను మైకు వదిలాక పళ్లెం తిరగడం మొదలైంది. మగవాళ్ల వైపు నుంచి నాకు అక్క వీపు మాత్రమే కనిపిస్తోంది. పళ్లెం ఆమె చేతికి వచ్చింది. పట్టుకునే ఉంది. పక్కామె చెయ్యి చాచి ఎదురుచూస్తోంది. అక్క తొందరపడలేదు. తర్వాత ఆమె చెయ్యి పైకి లేచి నోటి దగ్గరకు పోవడం చూశాను. పళ్లెం పక్కకు కదిలింది.

మెట్ల దగ్గర నా కోసం ఆగింది. తనే చెప్పింది.

"నువ్వు జెప్పినదానికి తినలే. గర్వపడకు."

"మరి?"

"మీ బావ పైన పరలోకంల ఉంటే ఉంటడు, లేకుంటే లేడు. లేడనుకో, ఏడ పెట్టినవయ్యా అని దేవుణ్ణి అడగాలె గద. లోపలికి పోతెనే గద అడిగేది. బయట నిలవడి అడిగితె ఎవలింటరు?"

అని నా భుజం మీద చెయ్యి వేసి, బరువంతా మోపి, ఒక్కో మెట్టూ దిగడం మొదలుపెట్టింది.